మణికట్టు మచ్చలు

మొదట తోకే చూశాం.
తెల్లటి తోక, చివర నల్లగా,
నిప్పు అంటుకోగానే లాగేసిన గుడ్డలా.
"బంగారు గద్ద. ఈ ఏటి కుర్రది," అన్నాడు మరిది పియెరా.
తుపాకీ అప్పటికే భుజానికెక్కింది.

మే నెలాఖరు. ఉత్స్‌యోకి పైన గుట్ట మీద
మంచు ఇంకా చారలు చారలుగా ఉంది.
నాలుగు రోజుల రెయిన్‌డీర్ దూడ
నా బూట్ల దగ్గర పడి ఉంది. కళ్ళు లేవు.
తల్లి దూరంగా నిలబడి
గొంతు బొంగురుపోయేదాకా దాన్నే పిలుస్తోంది.
అలాంటప్పుడు ఆకాశంలో
ఏ రెక్క కనిపించినా దొంగ రెక్కే.

నేను పక్షుల చదువు చదవలేదు.
మేనత్త రౌనా చెప్పిన నాలుగు ముక్కలే నాకున్నవి.
ఆమెకి ఒక కంటికి పొర కమ్మింది,
రెండో కంటితో ఇప్పటికీ సూదిలోకి నరపు దారం ఎక్కిస్తుంది.
"తోకని నమ్మకే," అనేది,
"తోకదేముంది, రెండిళ్ళవాళ్ళు ఒకే టోపీ పెట్టుకోరూ?
గాలి వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడు.
గద్దకి గాలి దారి, ఎక్కి వెళ్ళిపోతుంది.
పియెకానాకి గాలి గుంజ,
దానికి తనని తాను కట్టేసుకుంటుంది."

"ఆగు," అన్నాను.
పియెరా ఆగలేదు. ఊపిరి మాత్రం బిగబట్టాడు.
అంతసేపు చాలు.

ఉత్తరం నుంచి ఉప్పు వాసనతో గాలి లేచింది.
పిట్ట దానికి ఎదురు తిరిగి
రెక్కలు కొట్టి, కొట్టి,
ఉన్నచోటే
నిలిచింది.
ఒళ్ళంతా కదులుతోంది, తల కదలడం లేదు,
నిండు పాలగిన్నె మోసుకొచ్చే పిల్ల కళ్ళలా.
అప్పుడు రెక్కల కింది వైపు తెరుచుకుంది.
తెలుపు మీద, మణికట్టు దగ్గర, రెండు నల్ల మచ్చలు,
మసిచేతులతో ఎవరో పట్టుకుని వదిలేసినట్టు.
పొట్ట మీద ముదురు పట్టీ.
వేళ్ళదాకా బొచ్చు తొడిగిన కాళ్ళు;
అవి గద్దకీ ఉంటాయి, లెక్కలోకి రావు.
కానీ ఆ పాదాలు!
మా చిన్నదాని చేతి తొడుగంత లేవు.
వాటితో దూడని కాదుగదా
దూడ చెవిని కూడా లేపలేదు.

"పియెకానా."
తుపాకీ దించాడు. కోపం దించలేదు.
"మరి నా దూడని తిన్నదెవరు?"
నా దగ్గర జవాబు లేదు, పిట్ట దగ్గరా లేదు.
అది ఇంకా అక్కడే, గాలిలో.

సాయంత్రం గొప్పగా చెప్పాను అత్తకి.
"నిలబడిందా?" అంది.
నిలబడింది.
"ఎంతసేపు?"
లెక్కపెట్టలేదు.
"అయితే పేరు తెలుసుకున్నావు, అంతే," అని
దారం పళ్ళతో తెంపింది.

రెండేళ్ళ కిందట లెమ్మింగులు
పడవ కింద, పొయ్యి వెనక, బూట్లలో.
తినీ తినీ మా కుక్క మొహం తిప్పుకుంది.
ఆ ఏడు పియెకానా గాలిలో ఆగిన గుర్తే లేదు నాకు.
ఇలా నిలవడం, అలా రాయిలా పడిపోవడం,
లోయ రాతి అరుగు మీద గూట్లో ఐదు పిల్లల గోల.
ఈ ఏడు కుక్క రోజంతా
నాచు తవ్వి ఉత్తి మూతితో వస్తోంది.
మొన్నటి పిట్ట ఎంతసేపు నిలిచిందో
ఇప్పుడు, పక్క మీద, లెక్కపెడుతున్నాను.
ఒకచోట చాలించి, నాలుగు బారలు జరిగి,
మళ్ళీ తనని కట్టేసుకుని,
మళ్ళీ.

జులైలో అరుగు దాకా ఎక్కాను.
గూట్లో కొత్త బర్చ్ కొమ్మలు, ఆకులు ఇంకా వాడలేదు.
గుడ్లు లేవు. పెంకు ముక్క కూడా లేదు.
పిట్ట మాత్రం నా తల మీద తిరుగుతూ
పిల్లి కూతలాంటి సన్నటి కూత పెట్టింది,
కాపాడుకోడానికి అక్కడేదో ఉన్నట్టే.
సరేనని తలొంచుకుని దిగొచ్చాను.

పరిహారం కాగితం బల్ల మీద ఉంది.
చంపిన జంతువు అన్న గడిలో
పియెరా "గద్ద" అని రాసి, కొట్టేసి,
పెన్ను మూత నములుతూ కూర్చున్నాడు.
"ఎంతసేపు నిలబడిందన్నావ్?" అన్నాడు,
నా వైపు చూడకుండా.